వీపు కుట్టని కుర్చీ

నోట్లో మేకులున్నంతసేపూ ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు. అడిగినా జవాబు రాదని వీధి మొత్తానికీ తెలుసు. గుప్పెడు చిన్న మేకులు బుగ్గన పెట్టుకుని, ఒక్కొక్కదాన్నీ తలకాయ ముందుకొచ్చేలా నాలుకతో తిప్పి పెదాల దగ్గరికి తెస్తాడు. సుత్తి మూతికి అయస్కాంతం ఉంటుంది. అది పెదాలకు తాకీ తాకకుండా మేకుని లాక్కుంటుంది. ఆ ఊపులోనే చట్రం మీద ఠక్. ఒక దెబ్బకి నిలబడుతుంది, రెండో దెబ్బకి దిగిపోతుంది. సోఫాలూ కుర్చీలూ బాగుచేసే ఆ కొట్టుకి అసలు పేరు కనుక్కుంటూ వచ్చేవాళ్లెవరూ లేరు. అందరికీ ఆయన మేకులాయనే.

ఆ ఉదయం మంగలి షాపువాళ్ల పొడుగు బెంచీకి కొత్త నవారు బిగిస్తున్నాడు. బల్లకి ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి నిలబడ్డాడు. ఎదురుగా నిలబడితే చేతులకన్నా ముందు పొట్ట వెళ్లి బల్లకి తగులుతుంది. మెడ ఎండిన తాడులా ఉంది, చేతులు చీపురుపుల్లల్లా ఉన్నాయి. మధ్యలో ఆ పొట్ట మాత్రం వేరే ఎవరిదో తెచ్చి తగిలించినట్టు ఉంటుంది. మొదట్లో వీధిలోవాళ్లు "ఏంటి మేకులాయనా, ఒళ్లు చేశావు, ఇంటావిడ బాగా పెడుతోందా" అని ఆటపట్టించారు. ఆయనా నిజమే అనుకున్నాడు. బెల్టుకి ఇంకో కన్నం పొడుచుకుని ఊరుకున్నాడు.

అది కొవ్వు కాదు. అపెండిక్సు కొసన ఎక్కడో పుట్టి, చప్పుడు లేకుండా కడుపంతా పాకుతూ జిగురు కక్కే జబ్బు. క్యాన్సరే, కానీ చాలామంది డాక్టర్లు కూడా పుస్తకంలో తప్ప చూసి ఉండని రకం. రెండుసార్లు కడుపు కోసి, జిగురంతా గోకి తీసి, లోపల వేడి మందుతో కడిగి కుట్టారు. రెండుసార్లూ మళ్లీ వచ్చింది. ఈసారి పేగుల్ని ఒకదానికొకటి అంటించేసిందని చెప్పారు. ఆ ఒక్క మాటా ఆయనకి విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. స్పాంజి అంటించే జిగురు డబ్బా మూత పెట్టడం మర్చిపోతే పొద్దున్నకి లోపల బ్రష్షు ఏమవుతుందో ఆయన చూడనిది కాదు.

"కోయడానికి ఇక చోటు లేదు," అన్నాడు మొదటినుంచీ చూస్తున్న డాక్టరు. "ఏదో ఒకరోజు పేగు మూసుకుపోతుంది. పొట్ట రాయిలా అవుతుంది, మెలిపెడుతుంది, వాంతులవుతాయి. అప్పుడు ఆసుపత్రికి రావాలా, ఇంట్లోనే ఉండి నొప్పి తెలియకుండా మందు తీసుకోవాలా అన్నది ముందే మీరిద్దరూ మాట్లాడుకోండి. ఆ రోజు వచ్చాక మాట్లాడుకునే తీరిక ఉండదు."

మాట్లాడుకోలేదు. ఇంటికొచ్చి ఆయన నోట్లో మేకులు పోసుకున్నాడు. భార్య కుట్టుమిషను ముందు కూర్చుంది.

ఆమెకి ఒక ఆశ మిగిలే ఉంది. పెద్దాసుపత్రిలో కొత్తగా వచ్చిన సర్జను ఒకాయన "తీసుకురండి, ప్రయత్నం చేద్దాం" అన్నాడు. ఆ 'చేద్దాం' అన్న మాటని ఆమె కొంగున ముడేసుకున్నట్టు దాచుకుంది. తమ్ముడికి చెప్పి పెట్టింది, ఎప్పుడు పిలిచినా వ్యాను తేవాలని. ఇంటికి వచ్చి చూసి వెళ్లే నర్సు మాత్రం పోయినసారి గట్టిగా చెప్పింది. "మళ్లీ వచ్చేసరికి ఇద్దరూ కలిసి ఒక మాట చెప్పాలి. ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి అంటే కుదరదు. అర్ధరాత్రి ఫోను చేసేది అమ్మే కదా."

నర్సు వచ్చేది ఈ సాయంత్రమే.

ఆ రోజు వచ్చేసిందని మాత్రం ఆయనకి తెల్లారుతూనే తెలిసింది. లేవబోతుంటే బొడ్డు చుట్టూ తడిగుడ్డని పిండినట్టు మెలిపెట్టింది. పొట్ట మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. నిన్నటిదాకా దూది కుక్కిన దిండులా ఉన్నది ఇవాళ చెక్కలా ఉంది. పక్కమీద కూర్చుని ఆ మెలిక పోయేదాకా గోడ చూశాడు. సాయంత్రం దాకా ఆగాలి. ఈలోగా ఆమెకి తెలిసిందా, వ్యాను వస్తుంది. వ్యాను ఎక్కితే ఇక తన నోట మాటకి విలువ లేదు. ఆసుపత్రి గుమ్మం దాటాక ఎవరు ఎవరిని అడుగుతారు?

దాచడం తేలిక కాదు. ఆమె ఆయన వంక చూడదు, వింటుంది. కిటికీ వెలుతురుకి మిషను వేసుకుని, ఆయనకి వీపు పెట్టి కవర్లు కుడుతుంది. కానీ ఇన్నేళ్లుగా ఆ సుత్తి చప్పుడు చెవిలో పెట్టుకునే బతికింది. నవారు కొడుతున్నాడా, గుడ్డ కొడుతున్నాడా, ఆకలేస్తోందా, కోపంగా ఉన్నాడా, చప్పుడుని బట్టి చెప్పేస్తుంది. అందుకని నొప్పి వచ్చినప్పుడల్లా ఆయన ఎడంచేత్తో బల్ల అంచు పట్టుకుని, కుడిచేత్తో సుత్తి ఆపకుండా కొట్టాడు. మేకు పెట్టే ఓపిక లేనప్పుడు ఉత్తి చెక్క మీదే కొట్టాడు. ఠక్. ఠక్.

"పాలు అక్కడ పెట్టాను, చల్లారిపోతున్నాయి," అంది ఆమె మిషను ఆపకుండా.

"ఊఁ."

ఆమె లోపలికి వెళ్లినప్పుడు పాలు తీసి గుమ్మం పక్క తొట్టిలో మొక్కకి పోసేశాడు. గ్లాసు అంచు పెదాలకి రాసుకుని బల్ల మీద పెట్టాడు.

ఎండ కొట్లోకి వచ్చే వేళకి బావమరిది దిగాడు. తయారైన సామాను ఇళ్లకి చేర్చేది అతనే. వ్యాను గుమ్మానికి అడ్డంగా పెట్టి, రోజూ అడిగేదే అడిగాడు.

"ఏం బావా, ఇంకా ఉన్నావా?"

ఆయన సుత్తి ఎత్తి చూపించాడు. అదీ రోజూ ఇచ్చే జవాబే.

"నీ నోటికి సిగ్గు లేదురా," అంది అక్క.

"నా నోరు ఖాళీగా ఉంది కాబట్టి నాలుగు మాటలొస్తాయి. బావ నోరు చూడు, ఇనప సామాన్ల కొట్టు." అతను మూలనున్న పెద్ద కుర్చీ చుట్టూ తిరిగాడు. "అక్కా, ఈ సింహాసనం ఎప్పుడు కదులుతుంది? దీనికి నా వ్యాను మొత్తం కావాలి. ఎవరిదసలు?"

"నన్నడిగితే? మీ బావనడుగు. ఎవరో పెద్దమనిషిదట. ఆ మహానుభావుడు వచ్చి కూర్చుంటేగానీ వీపు కుట్టకూడదట. వస్తాడు వస్తాడు అంటూ ఎన్నాళ్ల నుంచో మూలన పెట్టాడు."

ఆ కొట్లో అదొక పద్ధతి. కుర్చీ ఎంత బాగా వచ్చినా, ఎవరి కోసం చేశారో వాళ్లు వచ్చి కూర్చుంటే తప్ప వీపు మూయరు. వెనకవైపు గుడ్డ వదిలేసి ఉంచుతారు. మనిషి కూర్చున్నాక ఆయన వెనక నుంచి చెయ్యి పెట్టి, నడుం దగ్గర ఎక్కడ ఖాళీ ఉందో, భుజాల దగ్గర ఎక్కడ ఒత్తుకుంటోందో చూసి, దూది పెట్టో తీసో, అప్పుడు ఆమె వంకర సూదితో వీపు కుడుతుంది. కూర్చోకుండానే పట్టుకుపోతామన్నవాళ్లని ఆయన తల అడ్డంగా ఊపి పంపేసేవాడు.

ఈ కుర్చీ పని ఆయన జబ్బు తిరగబెట్టినప్పుడు మొదలుపెట్టాడు. మామూలు కుర్చీ కాదది. వీపు బాగా వెనక్కి వాలి ఉంటుంది, పడుకున్నట్టూ కాదు, కూర్చున్నట్టూ కాదు. కాళ్లు చాచుకునే పీట ముందుకి లాగితే వస్తుంది. కుడిచేతి వైపు చెక్క వెడల్పుగా పలకలాగా చేశాడు. ముఖమల్ గుడ్డ రంగు ఆమెనే ఎంచమన్నాడు. ఆమె తడి ఇటుక రంగు ఎంచింది. "ముఖమల్ కింద రెక్సిను ఎందుకయ్యా, దండగ," అని కూడా అంది. ఆయన మేకుల సందు నుంచి ఏదో గొణిగాడు. వెల్లకిలా పడుకుంటే పొట్ట గుండెల మీదకి వచ్చి ఊపిరాడదనీ, రాబోయే రోజుల్లో మంచం పనికి రాదనీ ఆయనకి తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. చేతులతో చేసి పెట్టాడు. ఆమె చేతులతోనే కుట్టించాడు.

బావమరిది రెండు స్టూళ్లు ఎక్కించుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం దాటింది. మెలికలు దగ్గర దగ్గరగా రాసాగాయి. ఒకటి పోయి ఊపిరి తీసుకునేలోగా ఇంకొకటి. చొక్కా వీపుకి అంటుకుపోయింది. గడియారం వంక చూడకూడదనుకుంటూనే చూశాడు. ఇంకొక్క గంట గడిస్తే చాలు. బెంచీకి చివరి పట్టీ మిగిలింది. నోట్లో మేకులు నింపుకున్నాడు. నొప్పిని పళ్ల మధ్య నొక్కి పెట్టడానికి అవి ఉండటమే మంచిదనిపించింది.

ఆ మెలిక అన్నిటిలాంటిది కాదు. కడుపులో ఎవరో నవారు వేసి, కాలు తన్నిపెట్టి బిగించినట్టు వచ్చింది. ఆయన బల్ల మీదకి వంగిపోయాడు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

మేకులు నేల మీద పడ్డాయి.

చిన్న చప్పుడే, చినుకులు రాలినట్టు. కానీ ఆ కొట్లో ఇన్నేళ్లలో ఎన్నడూ వినపడని చప్పుడు. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా ఆయన నోట్లోంచి ఒక్క మేకు కింద పడి ఎరగదు.

మిషను ఆగిపోయింది.

ఆమె వెనక్కి తిరిగింది. లేచి వచ్చింది. ఏమీ అడగకుండా ఆయన చొక్కా ఎత్తి పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పొద్దున్నుంచీనా?"

ఆయన నేల మీది మేకులు చూస్తున్నాడు.

"ఉత్తి చెక్క కొడుతుంటే అప్పుడే అనుకున్నాను. మేకున్న దెబ్బకీ లేని దెబ్బకీ తేడా నాకు తెలీదనుకున్నావా? నన్ను నేనే మభ్యపెట్టుకుంటూ కూర్చున్నాను." అప్పటికే ఫోను చేతిలోకి తీసుకుంది. "ఒరేయ్, వ్యాను తీసుకురా. ఎక్కడున్నా సరే. ఇప్పుడే."

ఆయన వంగి మేకులు ఏరబోయాడు. అలవాటు కొద్దీ ఒకటి పెదాల దగ్గరికి తీసుకెళ్లాడు. ఆగాడు. దాన్ని బల్ల మీద పెట్టాడు. గోడ పట్టుకుని, మిగిలిన సామాను పట్టుకుని, మూల దాకా నడిచి, ఆ పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. వీపు కుట్టని గుడ్డ వెనక వేలాడుతోంది.

"ఆ పెద్దమనిషి వచ్చాడు," అన్నాడు. "చూడు, ఎక్కడ ఒత్తుకుంటోందో."

ఆమెకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. వాలిన వీపు చూసింది. చాచిన కాళ్లు చూసింది. పలకలాంటి చేతిచెక్క చూసి దాని మీద వేళ్లు పెట్టింది.

"ఇది టీ కప్పు పెట్టుకోవడానికి అనుకున్నాను. వాంతి గిన్నె కోసమా?"

"ఊఁ."

"రెక్సిను, తుడుచుకోవడానికి."

"ఊఁ."

"ఊఁ ఊఁ అనకు! ఇప్పుడు నోట్లో మేకుల్లేవు. మాట్లాడు." ఆమె చేతిచెక్క మీద చరిచింది. "నా చేత కుట్టించావు. దగ్గర కూర్చోబెట్టుకుని, రంగు ఎంచమని, అంచున పైపింగు సరిగ్గా రాలేదని విప్పించి మరీ కుట్టించావు. ఇందులో పోవడానికి! ఏం మనిషివయ్యా నువ్వు?"

"నీకు నచ్చిన రంగైతే..." నొప్పి మాటని మింగింది. అది పోయేదాకా ఆగాడు. "తర్వాత కూడా ఉంటుంది కదా ఇక్కడ. నీ కళ్లకి బావుండాలని."

ఆమె ముఖం తిప్పుకుంది. బయట వ్యాను వచ్చి ఆగింది. ఇంజిను ఆపకుండానే బావమరిది గుమ్మంలోకి వచ్చాడు. ఎప్పటిలా అడగబోయి, బావని చూసి, నోరు మూసుకున్నాడు.

"పట్టరా, లేపు ఆయన్ని," అంది అక్క.

"లేవను."

"అక్కడ డాక్టరు చేద్దాం అన్నాడు!"

"అన్నాడు." ఆయన చేతులు రెండూ కుర్చీ చేతుల మీద పెట్టాడు. "పోయినసారి ముక్కులోంచి గొట్టం వేశారు. నిద్రలో పీకేస్తున్నానని చేతులు మంచానికి కట్టారు. నువ్వు అద్దం అవతల నిలబడ్డావు. గుర్తుందా? నేను బాగానే ఉన్నానని నీకు చెయ్యి ఊపుదామనుకున్నాను. కదల్లేదు." ఊపిరి తీసుకున్నాడు. "ఇన్నేళ్లూ మాట్లాడింది ఈ చేతులతోనే. వాటిని కట్టేస్తే ఇంక నేనేముంటాను?"

పెళ్లయిన తర్వాత ఆయన ఒక్కసారిగా ఇన్ని మాటలనడం ఆమె వినలేదు. బావమరిది చొక్కా కొస నలుపుతూ నేల చూశాడు. వ్యాను ఇంజిను గుమ్మం బయట గుర్రుమంటూనే ఉంది.

"మరి నా సంగతి?" అంది ఆమె, నెమ్మదిగా. "మా నాన్న ఇంట్లోనే పోయాడు. వీడు అప్పుడు చంటివాడు, వీడికి తెలీదు. మందు లేదు, చేతకాదన్నట్టు అందరూ తలా ఒక మూల కూర్చున్నారు. నాన్న నన్నే చూస్తూ అరిచాడు. నేనేదో చెయ్యగలనన్నట్టు. ఆసుపత్రిలో అయితే తెల్లబట్టలవాళ్లు ఎవరో ఒకరుంటారు. ఇక్కడ నీ పక్కన నేనొక్కదాన్నే. నువ్వు కూడా అలా చూస్తే నేనేం చెయ్యను? సూదీ దారం పట్టుకుని ఏం చెయ్యను?"

అది ఆయన ఇన్నాళ్లూ ఒక్కసారీ అడగని ప్రశ్న. తన భయం కొలుచుకుని కుర్చీ చేసుకున్నాడే గానీ, ఆమె భయం ఎంతుందో కూర్చోబెట్టి చూడలేదు.

అప్పుడు నర్సు వచ్చింది. స్కూటరు మీద వచ్చిన చెమటతోనే, గుమ్మంలో ఉన్న వ్యానునీ లోపలున్న ముఖాల్నీ చూసి సంగతి గ్రహించింది. "మాటలు తర్వాత," అని సంచీ విప్పి, చెయ్యి కడుక్కుని, పొట్ట తడిమి, ఆయన జబ్బకి ఇంజెక్షను ఇచ్చింది. స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. కాసేపటికి కుర్చీ చేతుల్ని బిగపట్టిన ఆయన వేళ్లు ఒక్కొక్కటీ వదులయ్యాయి. ఆమె ఆ వేళ్లనే చూస్తోంది.

"బాబాయ్, ఇప్పుడు చెప్పండి. ఎక్కడ?"

"ఇక్కడ."

నర్సు ఆమె వైపు తిరిగింది. "అమ్మా?"

"ఇక్కడుంటే అరుస్తాడా?" అంది ఆమె. "ఉన్నదున్నట్టు చెప్పు తల్లీ. నన్ను ఊరడించకు."

"నొప్పే రాదని నేను మాట ఇవ్వలేను. వస్తే తగ్గించే మందుంది. చర్మం కింద సన్నటి గొట్టం పెట్టి కొంచెం కొంచెంగా లోపలికి వెళ్లేలా చేస్తాను. చాలకపోతే పెంచుతాం. ఎలా ఇవ్వాలో మీకు నేర్పిస్తాను. మీరు ఫోను చేస్తే మాలో ఎవరో ఒకరం వస్తాం. అప్పటికీ ఇంట్లో కుదరలేదనుకోండి, ఆసుపత్రికే వెళ్దాం. అక్కడా గొట్టాలొద్దు, చేతులు కట్టొద్దు అని ఇప్పుడే చెప్పి ఉంచుతాం."

"పెద్దాసుపత్రి డాక్టరు?"

నర్సు స్టూలు ఆమె వైపు జరుపుకుంది. "కడుపు స్కాను ఫొటోలు ఆయనకి కూడా పంపించాం. నిన్న చూశాడు. కత్తి పెడితే బల్ల మీదే పోతారన్నాడు. ఈ మాట మీకు చెప్పాలనే వచ్చాను."

కొట్లో వినపడేదల్లా బయట ఇంజిను చప్పుడే.

ఆమె కళ్లు తుడుచుకోలేదు. కుర్చీ వెనక్కి వెళ్లింది. వేలాడుతున్న గుడ్డ తప్పించి, లోపలికి చెయ్యి పెట్టి, ఆయన వీపు వెంట మెల్లగా పైనుంచి కిందకి తడిమింది. మామూలుగా అది ఆయన చేసే పని.

"నడుం దగ్గర బోలుగా ఉంది," అంది. "ముందుకి వంగు."

ఆయన వంగాడు. ఆమె దూది చీల్చి, ఉండ కట్టకుండా వేళ్లతో విడదీసి, పొరలు పొరలుగా పెట్టింది. "ఇప్పుడు?"

"ఊఁ."

"మాట్లాడమన్నానా?"

"బాగుంది," అన్నాడు. "భుజం దగ్గర కొంచెం తియ్యి."

ఆమె తీసింది. డబ్బాలోంచి వంకర సూది వెతికి, దారం తడిచేసి ఎక్కించి, వీపు కుట్టడం మొదలుపెట్టింది. గుడ్డలోంచి దారం సర్రుమని లాగుతున్న చప్పుడు ఆయన వీపుకి తెలుస్తోంది. బావమరిది బయటికి వెళ్లాడు. ఇంజిను ఆగిపోయింది.

భుజం దాకా వచ్చాక ఆమె చెయ్యి ఆపింది. జానెడు మేర కుట్టకుండా వదిలేసింది. దారం ముడి వేయలేదు, తెంపలేదు.

"మిగతాది?" అంది నర్సు.

"ఒళ్లు తగ్గుతుంది కదమ్మా. తగ్గినప్పుడల్లా దూది పెట్టాలి."

ఆ తర్వాతి రోజుల్లో అలాగే పెట్టింది. ఆ పేగు కాస్త సడలింది, మళ్లీ బిగిసింది. ఆయన బరువు వీపు వైపు నుంచి కరిగిపోతూ వచ్చింది. పొద్దున్నే ఆయన ముందుకి వంగేవాడు, ఆమె ఆ సందులోంచి చెయ్యి పెట్టి ఖాళీ ఎక్కడుందో చూసి దూది నింపేది. జబ్బ కింద సన్నటి గొట్టంలోంచి మందు నడుస్తూ ఉండేది. ఆయన అరవలేదు. ఒకటి రెండుసార్లు మూలిగాడు. అప్పుడు ఆమె చేతులు వణక్కుండా మందు ఎక్కించింది, తర్వాత లోపలికి వెళ్లి వణికింది. బావమరిది రోజూ గుమ్మంలోంచి "ఇంకా ఉన్నావా బావా" అనేవాడు. ఆయన సుత్తికి బదులు చూపుడువేలు ఎత్తేవాడు. కూర్చున్నచోటి నుంచే ఆమెకి మేకులు కొట్టడం చూపించేవాడు. ఆమెకి నోట్లో పెట్టుకోవడం చేతకాక చేత్తో ఒక్కొక్కటీ పెట్టి కొట్టేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు.

ఒక పూట ఆమె పళ్ల డాక్టరు కుర్చీకి గుడ్డ కోస్తూ, "పైపింగు నల్లది వెయ్యనా, ఇదే రంగు వెయ్యనా?" అని అడిగింది. జవాబు రాలేదు. ఆయన జవాబు చెప్పకపోవడం కొత్తేమీ కాదు. నల్లదే బాగుంటుందని తనే అనుకుని, గుడ్డ మడిచి, మిషను మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కుట్టింది. కుట్టు సరిగ్గా వచ్చిందో లేదో చూపించడానికి వెనక్కి తిరిగినప్పుడు ఆయన చేతులు రెండూ కుర్చీ చేతుల మీద వదులుగా ఉన్నాయి.

కొట్టు మూసేస్తారనుకున్నారు వీధిలోవాళ్లు. మూయలేదు. ఆమె బల్ల దగ్గర నిలబడి నవారు బిగిస్తోంది. బల్లకి ఎదురుగానే నిలబడుతుంది. సామాను ఇవ్వడానికి వచ్చినవాళ్ల కళ్లు మూలనున్న ఇటుక రంగు కుర్చీ మీద పడతాయి. మొన్న ఒకాయన చుట్టూ తిరిగి చూసి, చేత్తో నొక్కి చూసి, "ఎవరిదమ్మా ఇది? అమ్ముతారా?" అన్నాడు. ఆమె డబ్బాలోంచి గుప్పెడు మేకులు తీసి బుగ్గన పోసుకుంది. వచ్చినాయన జవాబు రాకపోయేసరికి తన స్టూలు అక్కడ పెట్టి వెళ్లిపోయాడు.

కుర్చీ వెనక, భుజం దగ్గర జానెడు మేర గుడ్డ ఇంకా తెరిచే ఉంది. బయట ఏదైనా బండి వెళ్లినప్పుడు, తెంపని దారం చివర వంకర సూది కొంచెం ఊగుతుంది.